సబ్‌మెరైన్ మీకెందుకు అన్న సారుకీ, డీఎస్సీ చాలన్న అన్నలకీ



పోస్టు పెద్దదే. సగంలో ఆపి తిట్టకండి. చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి, పడతాం.

విషయం ఇది. పోయిన నెల మా ఊళ్ల వైపు ఆశ్రమ పాఠశాల పిల్లలు విశాఖ టూర్‌కి వచ్చారు. మా హాస్టల్ నుంచి మేం కొందరం వాళ్లకి తోడుగా వెళ్లాం. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపల వరుసగా నడుస్తుంటే పదో తరగతి చెల్లెలొకతి అడిగింది, "సార్, ఇంత ఇనుము కదా, ఎలా మునుగుద్ది, మునిగింది మళ్లీ ఎలా తేలుద్ది?" అని. వెంట వచ్చిన సారు నవ్వి, "అవన్నీ మీకెందుకమ్మా, ఫొటో దిగి పదండి, ఇంకా జూ చూడాలి" అన్నారు. పిల్లలంతా నవ్వారు. ఆ చెల్లి ఆ రోజు ఇంకేదీ అడగలేదు. జూలో కూడా అడగలేదు.

సారుని అనడం తేలిక. ముందు మా సంగతి చెప్పుకోవాలి. అక్కడున్నవాళ్లలో ముగ్గురం బీఎస్సీ ఫిజిక్స్. మేం ఎందుకు చెప్పలేదు? సిగ్గు విడిచి చెప్తున్నాం, మాకూ సరిగ్గా రాదు. తొమ్మిదో తరగతిలో ఆర్కిమెడిస్ సూత్రం బట్టీ పట్టాం, మార్కులొచ్చాయి, అయిపోయింది. ఆ సూత్రం ఎదురుగా 91 మీటర్ల పొడవున నిలబడి ఉంటే గుర్తుపట్టలేకపోయాం.

ఆ రాత్రి ఫొటోలు గ్రూపులో పెట్టాం. ఒక సీనియర్ అన్న ఇలా రాశారు: "టూర్లు ఎందుకురా, డీఎస్సీ చదవండి. సబ్‌మెరైన్ మన పిల్లలకి కూడెడతాదేటి?" దానికి చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అదే వారం మా రూమ్మేట్ తమ్ముడు ఫోన్ చేసి ఐటీఐ మానేస్తానన్నాడు. వాడిది వెల్డర్ ట్రేడు. "వెల్డింగంటే గేట్లూ గ్రిల్సే కదన్నా, దానికి ఏడాది ఎందుకు" అన్నాడు.

సారు మాట, అన్న మాట, తమ్ముడి మాట వేరువేరుగా వినిపిస్తాయి గానీ మూడూ ఒకటే మాట. పెద్ద విషయాలు పెద్దోళ్లవి, మనకెందుకు అని. మేం ఈ నెలంతా లైబ్రరీలో కూర్చుని చదివాం, తెలిసినవాళ్లని అడిగాం. ఈ మాట తప్పు అని చెప్పడానికే ఈ పోస్టు.

ముందు చెల్లెలి ప్రశ్నకి జవాబు.

ఊటకి వెళ్లి సొరకాయ బుర్రతో నీళ్లు పట్టినవాళ్లకి ఇది తెలుసు. ఖాళీ బుర్రని నీళ్లలో అదిమితే పైకి తంతుంది. మూతి వంచితే బుడబుడమని గాలి పోయి, నీళ్లు నిండి బరువెక్కి కిందకి దిగుతుంది. సబ్‌మెరైన్ చేసేది అదే. దానికి రెండు ఒళ్లు ఉంటాయి. లోపలిది మనుషులుండే గట్టి ఒళ్లు, ప్రెజర్ హల్. దాని బయట ఇంకో పలచటి ఒళ్లు. రెంటికీ మధ్య ట్యాంకులు, వాటినే బల్లాస్ట్ ట్యాంకులంటారు. ట్యాంకుల కింద నీళ్లకి దారి, పైన గాలికి వాల్వు. పై వాల్వు తెరిస్తే గాలి పోతుంది, కింద నుంచి సముద్రం లోపలికి వస్తుంది, పడవ మునుగుతుంది. తేలాలంటే పై వాల్వు మూసి, సిలిండర్లలో గట్టిగా నొక్కి దాచిన గాలిని ట్యాంకుల్లోకి వదులుతారు. అది నీళ్లని కింద నుంచి బయటికి తోసేస్తుంది. పడవ తేలికై పైకొస్తుంది. అంతే చెల్లీ. ఇనుము ఎంతుందని కాదు, ఎంత నీటిని పక్కకి తోసింది, తన బరువు ఎంత అన్నదే లెక్క. కురుసుర నీటిపైన ఉంటే 1,950 టన్నులు, మునిగితే సుమారు 2,475 టన్నులు. ఆ తేడా సముద్రం నుంచి అరువు తెచ్చుకున్న నీళ్లు.

దీన్ని చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఆ ఐదు నిమిషాలు ఆ పిల్లకి ఎవరూ ఇవ్వలేదు. మాతో సహా.

ఇక "అది మేధావుల పని" అనేవాళ్లకి.

మేధావులు కూడా బరువు లెక్క తప్పుతారు. స్పెయిన్ దేశం ఎస్-80 అనే కొత్త రకం సబ్‌మెరైన్ కడుతూ, సగం పని అయ్యాక 2013లో చూసుకుంటే అది 75 నుంచి 100 టన్నుల దాకా ఎక్కువ బరువు తేలింది. అలా దింపితే మళ్లీ పైకి రావడం కష్టం. అమెరికా కంపెనీని సలహాకి పిలిచి, పడవ పొడవు పెంచి సరిచేశారు. మొదటి పడవ నౌకాదళం చేతికొచ్చేసరికి 2023 అయింది. మన పిల్లాడు సంతలో అడ్డాకుల కట్టల లెక్క తప్పితే "ఏజెన్సీ బుర్ర" అంటారు. అక్కడ తప్పినది అదే కూడిక. కాబట్టి తప్పు చేసే బుర్ర, సరిచేసే బుర్ర అందరికీ ఉంది. అవకాశమే అందరికీ లేదు.

ఇప్పుడు మా తమ్ముడికి. ఒరే, గేట్లూ గ్రిల్సూ అన్నావు కదా, ఇది విను.

నీటిలో ప్రతి 10 మీటర్లు దిగితే చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కేజీ బరువు పెరుగుతుంది. 250 మీటర్ల లోతులో అది 25 కేజీలు. పది సెంటీమీటర్లు పొడవు, పది సెంటీమీటర్లు వెడల్పున్న ముక్క మీద, అంటే సుమారు నీ అరచేయి అంత చోట, రెండున్నర టన్నులు. 50 కేజీల బియ్యం బస్తాలు 50 నీ అరచేతిలో పెట్టినట్టు. ఆ బరువు పడవ ఒంటి మీద అంగుళం వదలకుండా అన్నివైపులా ఉంటుంది. అందుకే లోపలి ఒళ్లు గుండ్రంగా ఉంటుంది. గుండ్రంగా ఉంటే బరువు చుట్టూ సమానంగా పంచుకుంటుంది. కొద్ది మిల్లీమీటర్లు కోడిగుడ్డులా వంకరపోయినా అక్కడే నొక్కుకుపోతుంది. ఆ గుండ్రటి రింగుల్ని ఒకదానికొకటి అతికేది ఎవరు? వెల్డర్. డిజైనరు కాగితం మీద గీసిన గుండ్రం, వెల్డర్ వేడి ఎక్కువ తగిలిస్తే గుండ్రంగా మిగలదు.

ఎలక్ట్రోడ్లని ఓవెన్‌లో ఎండబెట్టి వాడమని మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్తే విసుక్కున్నావట. ఎందుకో తెలుసా? పూతలో తేమ ఉంటే దానిలోని హైడ్రోజన్ కరిగిన లోహంలోకి పోతుంది. ఆ రోజు అతుకు బాగానే కనిపిస్తుంది. గంటలు, ఒక్కోసారి రోజులు గడిచాక లోపల పగులు వస్తుంది. సబ్‌మెరైన్‌కి వాడే గట్టి ఉక్కులో ఈ జబ్బు ఇంకా ఎక్కువ. అందుకే అతికే ముందు ఉక్కుని వేడి చేస్తారు, అతికాక ఎక్స్‌రే తీస్తారు, అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తారు. ఆసుపత్రిలో మనిషికి చేసినట్టే.

ఒక్క అతుకు ఎంత ఖరీదో చరిత్ర చెప్పింది. 1963 ఏప్రిల్ 10న అమెరికా వాళ్ల థ్రెషర్ అనే అణు సబ్‌మెరైన్ లోతు పరీక్షకి దిగి మళ్లీ పైకి రాలేదు. 129 మంది పోయారు. విచారణలో ఎక్కువ అనుమానం దేనిమీద పడిందంటే, సముద్రపు నీటి పైపుకి వేసిన ఒక అతుకు మీద. అతుకు ఊడి నీళ్లు చిమ్మి, కరెంటు ప్యానెళ్ల మీద పడి, రియాక్టర్ ఆగిపోయి ఉంటుందన్నారు. అప్పుడు బల్లాస్ట్ ట్యాంకుల్లోకి గాలి వదిలారు గానీ, గాలిలో తేమ ఉండి పైపుల్లో మంచు కట్టి దారి మూసుకుపోయింది. పైన చెప్పిన సొరబుర్ర లెక్క అక్కడ పనిచేయలేదు.

ఆ తర్వాత అమెరికా సబ్‌సేఫ్ అనే పద్ధతి పెట్టింది. ఆ పైపు ఉక్కు ఎక్కడిది, ఎవరు అతికారు, ఎవరు పరీక్ష చేశారు, అన్నిటికీ కాగితం ఉండాలి. కాగితం లేకపోతే పని జరగనట్టే లెక్క. 1915 నుంచి 1963 వరకు యుద్ధం లేకుండానే వాళ్లు 16 సబ్‌మెరైన్లు పోగొట్టుకున్నారు. ఆ పద్ధతి వచ్చాక పోయింది ఒక్కటే, 1968లో స్కార్పియన్. దానికి ఆ సర్టిఫికెట్ లేదు. తమ్ముడూ, ఇన్ని ప్రాణాలు కాపాడింది కొత్త మిషను కాదు. వెల్డరు, ఫిట్టరు, ఇన్‌స్పెక్టరు తమ పని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసి, కింద సంతకం పెట్టడం. 2000 ఆగస్టులో రష్యా కర్స్క్ పోయి 118 మంది చనిపోవడానికి మొదలు కూడా ఒక టార్పెడోలో ఇంధనం కారడమే. 2017లో అర్జెంటీనా సాన్ హువాన్ 44 మందితో పోకముందు పంపిన కబురు, గాలి గొట్టంలోంచి నీళ్లు దిగి బ్యాటరీల దగ్గర షార్టయిందని. కారడం, తడవడం, ఊడటం. ఇవి మేధావుల పనా, మన పనా? చెప్పు.

ఇప్పుడు డీఎస్సీ అన్నకి.

అన్నా, మీ మాటలో కడుపు బాధ ఉంది, అది మాకు తెలుసు. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. మెస్‌లో అన్నం తక్కువైన రోజులూ, ఇంటికి పంపడానికి ఏమీ లేని నెలలూ మాకు కొత్త కాదు. టీచరు ఉద్యోగం గొప్పదే. మీరు మా ఊరికి టీచరుగా వస్తే పండగ చేసుకుంటాం. కానీ రేపు మీరు టీచరై, మన పిల్లే ఇదే ప్రశ్న అడిగితే ఏం చెప్తారు? "మీకెందుకమ్మా" అంటారా? ఆ సారు కూడా డీఎస్సీ రాసే వచ్చారు. డీఎస్సీ రాయడమూ, ప్రశ్నకి జవాబు తెలుసుకోవడమూ ఒకదానికొకటి అడ్డం కాదు.

కూడెడతాదా అన్నారు. పెడుతుంది. మనం బస్సు దిగే ఈ విశాఖలోనే దేశంలో మొదటి అణు సబ్‌మెరైన్ అరిహంత్ కట్టారు. 2009 జూలై 26న నీళ్లలోకి దింపారు. దాని తోబుట్టువు అరిఘాత్ 2024 ఆగస్టు 29న ఇక్కడే నౌకాదళంలో చేరింది. ఇక్కడ నేవల్ డాక్‌యార్డ్ ఉంది, దానికి అప్రెంటిస్ స్కూల్ ఉంది. ఐటీఐ పాసైన ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్, మెషినిస్టులని తీసుకుంటారు. 1961 అప్రెంటిస్ చట్టం కింద ఎస్టీలకి సీట్లు కేటాయించాలి. నోటిఫికేషన్ ఎప్పుడొచ్చిందో మన ఐటీఐ పిల్లలకి తెలిసేసరికి తేదీ దాటిపోతోంది. ఈ గ్రూపులో రోజుకి పది డీఎస్సీ పోస్టులు పడతాయి. అప్రెంటిస్ నోటిఫికేషన్ ఎన్నిసార్లు పడింది? వెతికాం అన్నా. కనబడలేదు.

ఇక్కడ ఇంకో మాట వస్తుందని తెలుసు. "అది ఆయుధం. మన్యం వాళ్లు ఆయుధాన్ని చూసి మురిసిపోవాలా?" అని. మురవమని మేం అనట్లేదు. అరిహంత్ లోపల 83 మెగావాట్ల రియాక్టర్ ఉందంటారు. డీజిల్ పడవకి ఇంజను తిప్పాలంటే గాలి కావాలి. అందుకే అది నీటికింద బ్యాటరీ మీద నడిచి, బ్యాటరీ అయిపోయేసరికి పైకి ఒక గొట్టం చాపి గాలి పీల్చుకుని ఛార్జి చేసుకోవాలి. దొరికిపోయేది ఆ సమయంలోనే. అణు పడవకి ఆ ఇబ్బంది లేదు, తిండి సరుకులు ఉన్నన్నాళ్లు కిందే ఉంటుంది. అది మోసేది అణు క్షిపణులు. అది మంచిదా, ఆ డబ్బు దేనికి పెట్టాలి అన్నది మనం వాదించాల్సిన విషయమే. కానీ తెలియనిదాన్ని పొగడనూ లేం, తెగడనూ లేం. తెలియనోడు వాదనలో కూర్చుంటే చప్పట్లు కొట్టడానికే పనికొస్తాడు.

దామగుండం సంగతి చూడండి. తెలంగాణలో వికారాబాద్ జిల్లా అడవి. సుమారు 2,900 ఎకరాలు నౌకాదళానికి ఇచ్చారు. 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. ఎందుకో తెలుసా? సబ్‌మెరైన్లతో మాట్లాడటానికి. సముద్రం లేని చోట సబ్‌మెరైన్‌కి ఏం పని అని మేమూ అనుకున్నాం. మామూలు రేడియో తరంగం ఉప్పునీటిలోకి దిగదు, పైపైనే చచ్చిపోతుంది. ఫ్రీక్వెన్సీ బాగా తగ్గిస్తే కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల లోతు దాకా పోతుంది. దాన్నే వీఎల్ఎఫ్ అంటారు. 20 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు లెక్కేయండి. కాంతి వేగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు, దాన్ని 20 వేలతో భాగిస్తే 15 కిలోమీటర్లు. ఇంటర్ లెక్కే. తరంగం అంత పొడవుంటే యాంటెన్నా చిన్నది సరిపోదు, ఎత్తైన స్తంభాలు, విశాలమైన చోటు కావాలి. ఇలాంటిది తమిళనాడు తిరునెల్వేలి దగ్గర కట్టబొమ్మన్ కేంద్రంలో 1990 నుంచి ఉంది.

ఆ అడవి గురించి జరిగిన గొడవలో ఒకవైపు "రేడియేషన్‌తో ఊళ్లన్నీ పోతాయి" అన్నారు. ఇంకోవైపు "అడిగినవాడు దేశానికి వ్యతిరేకి" అన్నారు. రెండు అరుపుల మధ్య అడగాల్సిన ప్రశ్నలు నలిగిపోయాయి. స్తంభాలకి నిజంగా ఎన్ని ఎకరాలు కావాలి, మిగతా అడవి అడవిగానే ఉంటుందా? కంచె దగ్గర క్షేత్ర బలం ఎంత, ఎవరు కొలుస్తారు, ఆ కాగితం ఊళ్లోవాళ్లకి చూపిస్తారా? పశువుల మేతకి, గుడికి దారి ఉంటుందా? నరికిన చెట్లకి బదులు ఎక్కడ నాటుతారు? ఇవి అడగాలంటే 20 కిలోహెర్ట్జ్ అంటే ఏమిటో తెలిసిన మనిషి గ్రామసభలో ఒక్కడైనా ఉండాలి. మనల్ని భూమి అడుగుతారు, అడవి అడుగుతారు. ఎందుకో మాత్రం "మీకెందుకు" అంటారు. ఇప్పుడు అర్థమైందా, సారు నవ్వుతూ అన్న ఆ చిన్న మాట ఎంత దూరం పోతుందో?

మనకీ సబ్‌మెరైన్‌కీ సంబంధం లేదనేవాళ్లకి చివరగా ఇంకొకటి. సబ్‌మెరైన్‌ని నీటిలో పట్టేది చూపు కాదు, శబ్దం. అందుకే లోపలి మిషన్లని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు, ఒంటికి రబ్బరు పలకలు అంటిస్తారు, ప్రొపెల్లర్ రెక్కల్ని బుడగలు రాకుండా వంపు తిప్పుతారు. 1980లలో జపాన్, నార్వే కంపెనీలు కొన్ని మిల్లింగ్ మిషన్లు, వాటి కంట్రోళ్లు సోవియట్లకి అమ్మాయని పెద్ద రభస అయింది. ఎందుకంటే వాటితో రెక్కలు నున్నగా చెక్కితే చప్పుడు తగ్గుతుంది. అయితే పడవ ఎంత నెమ్మదిగా ఉన్నా, శబ్దం ఏ దారిన పోతుందో నిర్ణయించేది నీళ్లు. వేడి, ఉప్పు, లోతు మారితే శబ్దం వేగం మారుతుంది, వేగం మారితే దారి వంగుతుంది. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చే మంచినీళ్లు పైన తక్కువ ఉప్పు పొరగా పరుచుకుంటాయి. ఆ పొరల వల్ల శబ్దం వంగిపోయి వేటాడేవాడికీ, దాక్కునేవాడికీ లెక్కలు మారిపోతాయి. మన మాచ్‌ఖండ్ నీళ్లు సీలేరులో, సీలేరు శబరిలో, శబరి గోదావరిలో కలిసి అక్కడికే పోతాయి. మన కొండ వాన ఆ లెక్కలో ఉంది. లెక్క రాసేవాళ్లలోనే మనం లేం.

అందుకని ఇప్పుడు మేం చేయబోయేది చెప్తున్నాం.

ఒకటి, ఈసారి మన ఏ ఆశ్రమ పాఠశాల పిల్లలు కురుసుర చూడటానికి వచ్చినా మాకు ఒక మాట చెప్పండి. మా హాస్టల్ నుంచి ఇద్దరం వస్తాం. 1969లో వచ్చి 2001లో రిటైరైన ఆ పడవలో టార్పెడో గొట్టాలు పది, మనుషులు సుమారు 75 అని చెప్పి ఊరుకోం. ఎలా మునిగేదో చెప్తాం. వాటర్ బాటిల్‌లో నీళ్లు నింపి, అందులో మందు వేసే డ్రాపర్ తేలేసి, మూత బిగించి బాటిల్ నొక్కితే డ్రాపర్ మునుగుతుంది, వదిలితే తేలుతుంది. పది రూపాయల పని. చేసి చూపిస్తాం.

రెండు, తెలుగు సరిగ్గా అందని చిన్న పిల్లలకి కువిలో, ఆదివాసీ ఒడియాలో చెప్పగలిగినవాళ్లు ముందుకు రండి. మేం మాకొచ్చిన భాషలో చెప్తాం, మీరు మీ భాషలో చెప్పండి.

మూడు, ఐటీఐ చదివిన, చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల పేర్లు, ట్రేడులు మాకు విడిగా పంపండి. అప్రెంటిస్ నోటిఫికేషన్ వచ్చిన రోజే వాళ్ల ఫోనుకి చేరేలా చూసే బాధ్యత మాది. ఫారం నింపడం రాకపోతే మా హాస్టల్‌కి రండి, కూర్చోబెట్టి నింపిస్తాం.

మా రూమ్మేట్ తమ్ముడు ఇంకా మానలేదు. ఇది చదివాక నిర్ణయం చెప్తానన్నాడు. ఒరే, చదివావు కదా. సోమవారం వర్క్‌షాప్‌కి వెళ్లు. ఎలక్ట్రోడ్ ఎండబెట్టి వాడు.

సీనియర్ అన్నకి మా మీద కోపం వద్దు. మీరు డీఎస్సీ కొట్టాలి, మన ఊరికే రావాలి. వచ్చాక పిల్లలు ఏది అడిగినా "ఎందుకు" అనొద్దు, "రా చూద్దాం" అనండి.

చెల్లీ, నీ పేరు ఇక్కడ రాయట్లేదు. ఆ రోజు నీ వెనకే నిలబడి నోరు మూసుకున్న అన్నలం మేమే. తప్పు మాది. నువ్వడిగినదానికి జవాబు పైన రాశాం. అర్థం కానిది ఉంటే మళ్లీ అడుగు. మాకు తెలియకపోతే నేర్చుకుని చెప్తాం.

జై ఆదివాసీ.

ఇట్లు,
విశాఖలో ఉంటున్న ఏజెన్సీ హాస్టల్ విద్యార్థులం